పట్టీ మారితే చుట్ట మారినట్టే: ఒంగోలు నుంచి ఒక కేస్ స్టడీ

సింగరాయకొండ రైల్వే స్టేషను దగ్గర ఒక చిన్న దుకాణంలో చూసినదానితో మొదలుపెడతాను. డెబ్బై ఏళ్లు దాటిన ఒక రైతు వచ్చి తాను రోజూ కొనే చుట్ట అడిగాడు. దుకాణంలో ఉన్న ఆమె నడుముకు కొత్త కాగితపు పట్టీ చుట్టిన చుట్ట తీసి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, మళ్లీ బల్ల మీద పెట్టేశాడు.

"ఇది కాదమ్మా, గిత్త బొమ్మది ఇవ్వు."

"అదే తాతా. కాగితం మార్చారు, లోపల ఆకు అదే."

ఆయన నమ్మలేదు. పక్క డబ్బాలోని మరో చుట్ట కొనుక్కుని వెళ్లిపోయాడు.

ఆ కొత్త పట్టీ గీసింది నేను. ముదురు ఆకుపచ్చ రంగు, బంగారు అంచు, మధ్యలో తీగలా అల్లుకున్న తెలుగు అక్షరాలు. యజమానికి నచ్చింది, ఆయన కొడుక్కి మరీ నచ్చింది. అచ్చయి వచ్చిన రోజు మా ప్రెస్సులో చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. దాన్ని జేబులోంచి డబ్బులు తీసి కొనవలసిన మనిషి మాత్రం ఒక్క నిమిషంలో పక్కన పెట్టేశాడు. ఆయన తీర్పు సరైనదేనని, నేను పని మొదలుపెట్టిన తీరే తప్పని గ్రహించడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఆ రోజుల్లో నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. లేబుళ్ల పనిలో ఉన్న మిగతావాళ్లకు పనికొస్తుందని నా నమ్మకం.

సరుకు, దాని యజమాని

ఇరవై ఏళ్లకు పైగా ఒంగోలులో లేబుళ్లు, అట్టపెట్టెలు డిజైన్ చేస్తున్నాను. ఊరగాయ సీసాలు, రొయ్యల మేత సంచులు, గ్రానైటు వ్యాపారుల క్యాటలాగులు, ఇలా ఈ ప్రాంతంలో తయారయ్యేవాటిలో చాలావాటికి బొమ్మలు గీశాను. పొగాకు పని మాత్రం అంతకుముందు ఒప్పుకోలేదు. ఈ యజమాని మా నాన్నగారికి పాత పరిచయం. కందుకూరు వైపు ఆయనది చిన్న వ్యాపారం. తాతగారి కాలం నుంచి చుట్టలు చుట్టిస్తున్నారు.

ప్రకాశం జిల్లా అనగానే పొగాకు గుర్తొస్తుంది కాబట్టి చుట్ట ఆకు కూడా ఇక్కడి వేలం కేంద్రాల నుంచే వస్తుందనుకుంటారు. ఒంగోలు, కొండపి, టంగుటూరు, పొదిలి, కనిగిరి, అటు నెల్లూరు జిల్లాలో కలిగిరి, డీసీపల్లి కేంద్రాలకు వచ్చేది బ్యారన్లలో, అంటే ఆకు ఆరబెట్టే గదుల్లో, వేడిగాలితో ఆరబెట్టిన వర్జీనియా పొగాకు. అది సిగరెట్లకు పోతుంది. చుట్టకు గాలికీ ఎండకూ ఆరిన ముదురు ఆకు కావాలి. మా యజమాని ఎక్కువగా గోదావరి లంకల నుంచి లంక పొగాకు తెప్పించుకుంటాడు.

ఆయన నాకు రెండు పనులు చెప్పాడు. మొదటిది, పాత చుట్టకు కొత్త రూపం ఇవ్వడం. దాని పట్టీ మీద యాభై ఏళ్లకు పైగా ఒకే బొమ్మ ఉంది: పసుపు కాగితం మీద ఎర్రటి ఒంగోలు గిత్త. రెండవది, కొడుకు కోరిక మీద మొదలుపెడుతున్న సిగారు. నిటారుగా, తల గుండ్రంగా మూసి, ఐదేసి చొప్పున పెట్టెలో పెట్టి జాతీయ రహదారి మీది హోటళ్ల పక్క దుకాణాల్లో, నెల్లూరు, విజయవాడ నగరాల్లో అమ్మాలని వాళ్ల ఆలోచన. రెండింటికీ ఒకే కుటుంబపు పోలిక ఉండాలన్నారు. నేనూ సరేనన్నాను. అదే నేను చేసిన మొదటి పొరపాటు.

వేలం కేంద్రంలో పట్టీ ఉండదు

డిజైన్ దెబ్బతిన్నాక నేను చేసిన మంచి పని ఒకటుంది. కంప్యూటర్ కట్టేసి, పొగాకును మనుషులు ఎక్కడెక్కడ ఎలా కొంటారో చూడటానికి తిరిగాను. ముందు టంగుటూరు వేలం కేంద్రానికి వెళ్లాను. బేళ్లు వరసగా పేర్చి ఉంటాయి. ఒక్కో బేలు మీద ఒక చీటీ, దాని మీద అంకెలు. కొనుగోలుదారు ఆ చీటీ వైపు చూసి ఊరుకోడు. బేలులో చెయ్యి పెట్టి ఆకు బయటికి లాగుతాడు, వెలుతురులో రంగు చూస్తాడు, వేళ్ల మధ్య నలుపుతాడు, వాసన చూస్తాడు. తర్వాతే ధర. ఆకు కళ్ల ముందు ఉన్నచోట, దాన్ని చదవగలిగిన మనిషి ఉన్నచోట, బొమ్మతో పని లేదు.

అక్కడి నుంచి చిల్లర దుకాణానికి వస్తే కొనేవాడికి ఆకును పరీక్షించే వీలు ఉండదు. పై ఆకు ఒక్కటే కనిపిస్తుంది. లోపల పెట్టిన తుకడాలు ఎలాంటివో, ఎంతకాలం మాగబెట్టారో, ఎప్పుడు చుట్టారో తెలియదు. కాల్చి చూస్తే తప్ప తెలియని సరుకు అది, కాల్చాక తిరిగి ఇవ్వడానికి వీల్లేని సరుకు. కళ్లకూ వేళ్లకూ దొరకని ఆ సమాచారం స్థానంలోకి కాగితం వస్తుంది. పట్టీ పని అసలు అక్కడ మొదలవుతుంది.

ఆ తర్వాత ఒంగోలులో, టంగుటూరులో, సింగరాయకొండలో, కందుకూరులో నాకు తెలిసిన దుకాణాల్లో పొద్దున, సాయంత్రం గంటల తరబడి కూర్చున్నాను. చుట్ట కొనేవాళ్లు పేరు పెట్టి అడగడం దాదాపు వినలేదు. "గిత్తది", "పసుపు కాగితంది", "ఆ ఎర్ర బొమ్మది" అని అడిగారు. యజమాని పేరు పట్టీ మీద పెద్ద అక్షరాల్లో ఉన్నా దాన్ని పలికినవాళ్లు లేరు. కొంతమందికి చదువు రాదు. చదువు వచ్చినవాళ్లు కూడా అక్షరాల జోలికి పోలేదు. అగ్గిపెట్టెలను మన పెద్దవాళ్లు బొమ్మ చెప్పి అడిగేవాళ్లు కదా, అదే అలవాటు. బొమ్మే పేరు. నేను గిత్తను తీసేసి తీగలల్లిన అక్షరాలు పెట్టాను, అంటే ఆ సరుకు పేరే చెరిపేశాను.

రంగు సంగతి ఇంకా లోతైనది. దుకాణంలో చుట్టలు గాజు సీసాలోనో, రేకు డబ్బాలోనో, కౌంటరు వెనక అరలోనో ఉంటాయి. కొనేవాడు మూడు నాలుగు అడుగుల దూరం నుంచి చూస్తాడు, చాలాసార్లు సాయంత్రం మసక వెలుతురులో. ముదురు గోధుమరంగు ఆకు మీద ముదురు ఆకుపచ్చ పట్టీ వేస్తే ఆ దూరానికి రెండూ కలిసిపోతాయి. బంగారు అంచు దగ్గరగా చూస్తే మెరుస్తుంది కానీ దూరానికి సన్నటి గీత కూడా కనిపించదు. పాత పసుపు పట్టీ మాత్రం చీకటి గదిలో వెలిగించిన దీపంలా కనిపిస్తుంది. యాభై ఏళ్ల కిందట ఆ పసుపు ఎంచుకున్న ప్రెస్సు మనిషి ఎవరో నాకు తెలియదు. ఆయన దుకాణం ముందు నిలబడి చూసి ఎంచుకున్నాడని మాత్రం గట్టిగా నమ్ముతున్నాను.

పాత ఖాతాదారులు కొత్త పట్టీని చూసి అన్న మాటలను ఒక పుస్తకంలో రాసుకున్నాను. "ధర పెంచారా?" అనేది ఎక్కువగా విన్న మాట. "ఆకు మార్చారు" అనేది రెండవది. "దొంగ సరుకు" అన్నవాళ్లూ ఉన్నారు. అందంగా ఉందనో, బాగాలేదనో ఒక్కరూ అనలేదు. నేను అడిగితే తప్ప ఆ మాటే రాలేదు. నేను అందం గురించి నెలరోజులు తపన పడ్డాను. వాళ్లకు ఆ కాగితం ఇచ్చే భరోసా ఒక్కటే: నిన్నటిదీ ఇవాళ్టిదీ ఒకటే అన్న భరోసా.

ఐదోవంతు కన్నా తక్కువ జాగా

పెట్టె గురించి మాట్లాడే ముందు చట్టం సంగతి చెప్పాలి. ఈ పని కొత్తగా ఒప్పుకునే డిజైనర్లు చాలామంది ఇక్కడే తడబడతారు. 2003లో వచ్చిన సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం సిగార్లకూ చుట్టలకూ కూడా వర్తిస్తుంది. బొమ్మతో కూడిన ఆరోగ్య హెచ్చరికలు 2009 మే 31 నుంచి మొదలయ్యాయి. 2016 ఏప్రిల్ 1 నుంచి ప్యాకెట్టు ముందు, వెనక ప్రధాన భాగాల్లో 85 శాతం హెచ్చరికకే పోవాలి: 60 శాతం బొమ్మ, 25 శాతం అక్షరాలు. 2018 సెప్టెంబరు నుంచి పొగాకు మానాలనుకునేవాళ్ల కోసం 1800-11-2356 అనే ఉచిత ఫోను నంబరు కూడా అందులో చేరింది. మిగిలిన 15 శాతంలో సరుకు పేరు, అలంకారం ఏది పెట్టుకున్నా అంతే. పొగాకు ప్రకటనలు నిషిద్ధం. దుకాణం ముందు పెట్టే బోర్డు మీద కూడా బ్రాండు పేరు ఉండకూడదు.

ఈ కొలతలు స్కేలు పెట్టి గీసుకుంటే ఒక విషయం అర్థమవుతుంది. పొగాకు సరుకు తన గురించి తాను చెప్పుకోగలిగిన చోటు ఇప్పుడు చాలా కొద్దిగా మిగిలింది. సిగారుకూ చుట్టకూ మాత్రం అదనంగా ఇంకొక చోటు ఉంది. అది పట్టీ. సిగరెట్టుకు అలాంటి అలంకారం లేదు. అందుకే సిగారు వ్యాపారంలో పట్టీ మీద అంత శ్రద్ధ.

చిల్లరగా అమ్మే చోట సంగతి ఇంకా తీవ్రమైనది. కట్ట విప్పి ఒక్కొక్క చుట్ట అమ్ముతారు. హెచ్చరిక ఉన్న కాగితం దుకాణదారు దగ్గరే ఉండిపోతుంది. కొనేవాడి చేతికి వచ్చేది చుట్ట, దాని నడుముకున్న పట్టీ, అంతే. అంటే నేను గీసే ఆ రెండున్నర అంగుళాల కాగితమే ఆ మనిషికి అందే మొత్తం ప్యాకేజింగ్. ఇది తెలిశాక నాకు కొన్ని రాత్రులు సరిగా నిద్ర పట్టలేదు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

పెట్టె కొనే మనిషి వేరు

సిగారు వైపు కథ పూర్తిగా తిరగబడింది. రహదారి పక్క దుకాణంలో ఐదు సిగార్ల పెట్టె కొనేవాళ్లలో చాలామంది తాము కాల్చడానికి కొనరు. మేనేజరుకో, పెళ్లి విందులో స్నేహితులకో, విదేశం నుంచి వచ్చిన బావగారికో ఇవ్వడానికి కొంటారు. వాళ్లకు ఆకు గురించి ఏమీ తెలియదు. తెలియదన్న సంగతి వాళ్లకు తెలుసు. అందుకని కళ్లకు కనిపించేవాటి మీద పూర్తిగా ఆధారపడతారు: పెట్టె బరువు, మూత తెరుచుకునే తీరు, పట్టీ మీది ఉబ్బెత్తు అచ్చు. చుట్ట కొనే రైతుకు పట్టీ ఒక గుర్తు. వీళ్లకు అది ఒక సాక్ష్యం. గుర్తు మారకూడదు. సాక్ష్యం బలంగా ఉండాలి. ఈ రెండు పనులనూ ఒకే డిజైన్ చేత చేయించాలని చూడటమే నా తప్పు.

సిగారు పట్టీ చరిత్ర చూసినా ఈ రెండు పనులూ కనిపిస్తాయి. పంతొమ్మిదో శతాబ్దపు మధ్యకాలంలో క్యూబా రాజధాని హవానాలో పట్టీలు వాడుకలోకి వచ్చాయి. గుస్తావ్ బాక్ అనే వ్యాపారి దానికి ఆద్యుడని చెబుతారు. తెల్ల చేతితొడుగులకు మరక అంటకుండా పెట్టారన్న కథ కూడా ప్రచారంలో ఉంది, కానీ నకిలీల బెడద అంతకన్నా నమ్మదగిన కారణంగా నాకు తోస్తుంది. ఎందుకంటే ఆ తర్వాత 1889లో, అప్పట్లో క్యూబాను ఏలిన స్పెయిన్ రాజు ఉత్తర్వుతో క్యూబా సిగారు పెట్టెలకు హామీ ముద్ర కాగితం వచ్చింది. తమది తమదేనని చెప్పుకోవడం వాళ్లకు అంత అవసరమైంది. రాతి పలకల మీద నుంచి అచ్చు తీసే పద్ధతిలో ఎన్నో రంగులు వేసి, బంగారు పూత పూసి, పతకాలు, రాణులు, కోటలు అచ్చువేసిన ఆ కాలపు పెట్టెలు చూస్తే మా వృత్తివాడెవడికైనా చేతులు జోడించాలనిపిస్తుంది. 1966లో మొదలైన కోహిబా అనే క్యూబా సిగారు మాత్రం ఆ దారి వదిలేసింది. తర్వాతి కాలంలో స్థిరపడిన దాని పట్టీ పసుపు, నలుపు, వరసగా తెల్ల చుక్కలు. దూరం నుంచి చూసినా అదేనని తెలిసిపోతుంది. నేను సిగారుకు బంగారం గుప్పించబోయి ఆగింది దాన్ని చూశాకనే.

యజమాని కొడుక్కి ఒక పట్టుదల ఉండేది: పట్టీ ఖరీదుగా ఉంటే రుచి కూడా బాగుందంటారని. నేను ఒప్పుకోలేదు. వాదించడం కన్నా చూడటం మేలని ఒక సాయంత్రం వాళ్ల ఇంటి వరండాలో చిన్న పరీక్ష పెట్టాం. ఒకే రోజు, ఒకే మనిషి, ఒకే బేలు ఆకుతో చుట్టిన సిగార్లు తీసుకున్నాం. సగానికి సాదా తెల్ల కాగితం పట్టీ, సగానికి మెరిసే రేకుతో ఫాయిల్ అచ్చు వేసిన పట్టీ. కాల్చినవాళ్లు ఎప్పటి నుంచో అలవాటున్న పెద్దవాళ్లు, యజమానికి తెలిసిన డీలర్లు. రెండూ వేర్వేరు సరుకులని చెప్పలేదు, ఒకటేనని కూడా చెప్పలేదు. ఏది ఎలా ఉందో చెప్పమన్నాం.

ఫాయిల్ పట్టీది మెత్తగా ఉందన్నారు, పొగ చల్లగా ఉందన్నారు, ఆకు బాగా మాగిందన్నారు. సాదా పట్టీది ఘాటుగా ఉందని, గొంతు పట్టుకుంటోందని అన్నారు. ఒక్కరు మాత్రం వేరుగా చేశారు. ఆయన చాలా ఏళ్లు పొగాకు గ్రేడింగు పనిలో ఉన్న మనిషి. రెండు సిగార్లూ చేతికి ఇవ్వగానే ముందు పట్టీలు ఊడదీసి పక్కన పెట్టాడు. ఆకు నలిపి, వాసన చూసి, "రెండూ ఒక తల్లి బిడ్డలే కదయ్యా" అన్నాడు.

లూయీ చెస్కిన్ అనే అమెరికా మార్కెట్ పరిశోధకుడు ఈ సంగతిని గత శతాబ్దంలోనే గుర్తించాడు. పైకాగితం కలిగించిన అనుభూతిని మనుషులు తెలియకుండానే లోపలి సరుకుకు ఆపాదిస్తారని ఆయన చెప్పాడు. దాన్ని నేను చదివి ఉన్నాను. కళ్ల ముందు జరుగుతుంటే మాత్రం నాకు భయం వేసింది. "గొంతుకు చల్లగా ఉంది" అన్న మాట నేను అచ్చు వేసిన కాగితం పలికించింది. పొగలో చల్లదనం ఏమీ లేదు. ఆ గొంతుకు జరిగే హాని ఫాయిల్ పట్టీతో ఒక్క పిసరు తగ్గదు.

కాగితం, బంక, వాన

ఇప్పుడు చేతిపని సంగతులు. పనిలో ఉన్నవాళ్లు ఎక్కువగా అడిగేవి ఇవే కాబట్టి వివరంగా రాస్తాను.

సిగారు లావును రింగు గేజిలో కొలుస్తారు. ఒక రింగు అంటే అంగుళంలో 64వ వంతు. మేము ఎంచుకున్న సిగారు 50 రింగులు, అంటే అడ్డుకొలత దాదాపు 20 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 62 చిల్లర మిల్లీమీటర్లు. దానికి అతుకు కోసం మరికొంత కలిపి పట్టీ పొడవు నిర్ణయించాలి. అచ్చులో చుట్టి ఒత్తిన సిగారుకు ఈ లెక్క సరిపోతుంది. చేత్తో చుట్టిన చుట్టకు సరిపోదు. ఒక చివర సన్నం, ఒక చివర లావు, మనిషిని బట్టి, పూటను బట్టి తేడా. అందుకని చుట్ట పట్టీకి అతుకు ఎక్కువ వదలాలి. గిత్త బొమ్మ అతుకు కిందకు పోకుండా ఎదురు దిక్కున ఉంచాలి. నా మొదటి డిజైనులో అక్షరాలు అంచు దాకా పాకాయి. సన్నటి చుట్టల మీద చివరి అక్షరం అతుకు కింద మాయమైంది.

బంక ఆకుకు తగలకూడదు. పట్టీ కొస పట్టీకే అంటుకోవాలి. ఆకుకు అంటితే విప్పేటప్పుడు పై ఆకు చిరుగుతుంది, చుట్ట విచ్చుకుంటుంది. చుట్టేవాళ్లు పాత రోజుల నుంచి తుమ్మబంక వాడుతున్నారు. నేను ప్రెస్సులో దొరికే తెల్ల జిగురు మేలనుకుని మార్పించాను. ఆ జిగురు వాసన ఆకుకు పడుతోందని అక్కడ పనిచేసే ఒక పెద్దావిడ చెప్పింది. ఒక డబ్బా మూత వారం తర్వాత తీసి చూస్తే ఆమె చెప్పింది నిజమే. మళ్లీ తుమ్మబంకకే వచ్చాం.

మా ప్రాంతపు వాతావరణం ఇంకొక పరీక్ష. మే నెలలో ఒంగోలు ఎండకు ఆకులో తడి ఆవిరై సిగారు బక్కచిక్కుతుంది. అప్పుడు పట్టీ వదులై కిందకు జారుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు వచ్చినప్పుడు ఆకు తడి పీల్చుకుని ఉబ్బుతుంది. పట్టీ బిగుసుకుని పై ఆకు పగులుతుంది. ఖరీదైన దుకాణాల్లో 65, 70 శాతం తేమ ఉండేలా ప్రత్యేకమైన పెట్టెల్లో దాస్తారు. రహదారి పక్క దుకాణంలో అది కుదరదు. మేము దళసరి ఆర్ట్ కాగితం మానేసి పల్చటి, కాస్త సాగే కాగితానికి మారాం. ఫాయిల్ అచ్చు దాని మీద అంత పదునుగా రాదు. శివకాశిలో అచ్చు వేసినవాళ్లు రెండుసార్లు నమూనాలు పంపి, దళసరి కాగితమే మంచిదని చెప్పారు. వాళ్ల దృష్టిలో అది నిజమే. వాళ్లకు ఆకు ఉబ్బడం, తగ్గడం తెలియదు.

రంగులు వెలిసిపోవడం గురించి ఒక మాట. దుకాణాల్లో సరుకు ఎండ పడే చోట వేలాడుతుంది. అచ్చు సిరాల్లో ముందుగా దెబ్బతినేవి మెజెంటా అనే గులాబీ ఎరుపు, పసుపు. మా గిత్త పట్టీలోని ఎరుపు, పసుపు వచ్చేది సరిగ్గా ఆ రెండు సిరాలతోనే. వెలిసిన పట్టీ చూసి కొనేవాడు పాత సరుకు అనుకుంటాడు, ఆకు నిన్న చుట్టినదే అయినా సరే. ఎండకు నిలిచే సిరా కాస్త ఖరీదు. యజమాని మొదట వెనకాడాడు. ఎండలో నెల రోజులు ఉంచిన రెండు పట్టీలు పక్కపక్కన పెట్టి చూపించాక మారు మాట్లాడలేదు.

ఏం మార్చాం, దేనికి ఒప్పుకోలేదు

చుట్టకు ఎర్ర గిత్త తిరిగి వచ్చింది. పాత పట్టీలను యజమాని ఇంటి అటక మీద నుంచి తెప్పించి, పసుపు ఛాయను వాటితో సరిపోల్చి కలిపించాను. గిత్త మూపురం, కొమ్ముల గీతలు మాత్రం కాస్త శుభ్రం చేశాను. ఆ తేడా ఏ ఖాతాదారూ గమనించలేదు, గమనించకూడదనే నేనూ కోరుకున్నాను. నా ఆకుపచ్చ పట్టీ ఇంకా మిగిలి ఉండగానే దుకాణాల నుంచి వెనక్కి తెప్పించాం. వెళ్లిపోయిన పాత ఖాతాదారులు మెల్లగా తిరిగి వస్తున్నారని దుకాణాలవాళ్లు చెప్పారు. అందరూ రాలేదు. సింగరాయకొండ రైతు మళ్లీ నాకు కనిపించలేదు.

సిగారుకు వేరే కుటుంబం, వేరే ముఖం. నలుపు, మట్టిరంగు, ఒక సన్నటి వెండి గీత. గిత్త లేదు. పెట్టెకు టేకు పేళ్లు వాడదామన్నారు కానీ వాసన ఆకును పాడుచేస్తుందని వద్దన్నాను. అట్టపెట్టె, లోపల సాదా కాగితం. పట్టీ పెట్టెకన్నా ఎక్కువ పనిచేసింది. మూత తెరిచి చూపించినప్పుడే కొనేవాళ్ల చెయ్యి జేబులోకి పోయిందని రహదారి మీది దుకాణదారు చెప్పాడు. మూసి ఉన్న పెట్టె మీద కనిపించేది ఎక్కువగా హెచ్చరిక బొమ్మే కదా.

ఆ మాట విన్న రోజే యజమాని కొడుకు కొత్త కోరిక తెచ్చాడు. ద్రాక్ష, మామిడి వాసనలతో సన్నటి సిగార్లు చేస్తామని, వాటికి గులాబీ, నారింజ, లేత నీలం రంగుల పట్టీలు, పండ్ల బొమ్మలు కావాలని. వరండాలో ఆ సాయంత్రం విన్న మాటలు నాకు ఇంకా చెవుల్లో ఉన్నాయి. ఘాటు పొగను కూడా చల్లగా ఉందనిపించే శక్తి కాగితానికి ఉంటే, పండ్ల బొమ్మ పదిహేనేళ్ల పిల్లవాడి చేత ఏమనిపిస్తుంది? పద్దెనిమిది ఏళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదని చట్టం ఉంది, విద్యాసంస్థలకు 100 గజాల లోపు అమ్మకూడదనీ ఉంది. పట్టీ మీది మామిడిపండుకు ఆ గజాల లెక్క తెలియదు. నేను గీయనని చెప్పాను. ఆయన నొచ్చుకున్నాడు. వాళ్ల నాన్నగారు మాత్రం, "వద్దులే అబ్బాయి, మనది చుట్ట వ్యాపారం, పిప్పరమెంటు వ్యాపారం కాదు" అన్నారు. ఆ ఆలోచన అక్కడితో ఆగింది.

ఆస్ట్రేలియాలో ఈ సంగతి ఎంత లోతుగా పట్టించుకున్నారో తర్వాత చదివాను. 2012 డిసెంబరు నుంచి అక్కడ పొగాకు సరుకులన్నీ ఒకే మురికి గోధుమరంగు పెట్టెల్లో అమ్మాలి. సిగారు పట్టీని కూడా వదల్లేదు. అది కూడా అదే రంగులో ఉండాలి, పేరు మామూలు అక్షరాల్లో ఉండాలి. చట్టం రాసినవాళ్లు పెట్టె దగ్గర ఆగకుండా సిగారు నడుము దాకా వచ్చారంటే, పట్టీ చేసే పని వాళ్లకు తెలుసు.

మన దగ్గర అలాంటి నిబంధన లేదు. అందుకని నేనే ఒకటి అడిగాను. చిల్లరగా కొనేవాడికి హెచ్చరిక కనిపించడం లేదు కాబట్టి, చుట్ట పట్టీ మీదే గిత్త పక్కన "పొగాకు ప్రాణాంతకం" అని, కింద ఆ ఉచిత ఫోను నంబరు వేద్దామన్నాను. యజమాని చాలాసేపు మాట్లాడలేదు. సొంత సరుకు మీద, చట్టం అడగని చోట, అలా రాసుకోవడానికి ఏ వ్యాపారికైనా చెయ్యి రాదు. మూడవ రోజు ఫోను చేసి, "బొమ్మ చిన్నది చేయకుండా వేయగలిగితే వెయ్యి" అన్నాడు. పసుపు మీద ఎరుపులోనే, గిత్త కాళ్ల కింద నేల గీతలా ఆ అక్షరాలు వచ్చాయి. దాన్ని చూసి ఖాతాదారులు "దొంగ సరుకు" అనలేదు. గిత్త ఉంది, పసుపు ఉంది, వాళ్లకు అది అదే చుట్ట. ఒంగోలులో ఒక దుకాణదారు మాత్రం, తన దగ్గర కొనే ఒకాయన ఆ నంబరు గట్టిగా చదివించుకున్నాడని చెప్పాడు. ఫోను చేశాడో లేదో తెలియదు.

సిగారు పట్టీ మీద వేయడానికి కొడుకు ఒప్పుకోలేదు. బహుమతిగా ఇచ్చేదాని మీద అలా ఎవరు రాస్తారని అడిగాడు. ఎంత వాదించినా వినలేదు. చివరికి అతుకు పొడవు పెంచి, పై కొస కింద దాగే భాగంలో నంబరు అచ్చు వేయడానికి ఒప్పుకున్నాడు. బంక చుక్క దానికి అవతల పడుతుంది కాబట్టి పట్టీ విప్పినప్పుడు అంకెలు చెరగకుండా కనిపిస్తాయి. నంబరు వెనక్కి, ఆకు వైపు వేయలేదు, సిరా ఆకుకు తగలకూడదని. నాకు ఇది చాలదు. వచ్చే విడత అచ్చుకు కొత్త పలకలు చేయించాలి. అప్పుడు ఆ నంబరును పైకి తేవాలని మళ్లీ అడుగుతాను. నమూనా ఇప్పటికే గీసి పెట్టాను.